ఆషాఢంలో తుఫాను తీశాను: అన్‌రియల్ ఇంజిన్ మీద ఒక పెళ్ళి వీడియోల ఎడిటర్ రివ్యూ

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో మాకో చిన్న స్టూడియో ఉంది. మా ఆయన పెళ్ళిళ్ళకి ఫోటోలు, వీడియోలు తీస్తారు, నేను ఎడిటింగ్ చేస్తాను. తలంబ్రాలు స్లో మోషన్‌లో పెట్టాలి, బిందెలో ఉంగరం తీసే ముక్క పాటకి సరిగ్గా పడాలి, మేనమామలు ఒక్కరు కూడా తప్పిపోకూడదు. ఒక్కరు తప్పిపోయినా పెన్‌డ్రైవ్ వెనక్కి వస్తుంది. ముహూర్తాలున్న నెలల్లో నాకు నిద్ర ఉండదు. ఆషాఢం వచ్చిందంటే పని ఉండదు.

2023లో ఆషాఢం వెనకాలే అధిక శ్రావణం పడింది. రెండు నెలలు ఒక్క పెళ్ళి లేదు. మంచి కంప్యూటర్ ఊరికే కూర్చుంది, నేనూ ఊరికే కూర్చున్నాను. ఎన్నాళ్ళ నుంచో మనసులో ఉన్న ఒక పని అప్పుడు మొదలుపెట్టాను. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా మామ్మ ఇంట్లో ఒక్కతే ఉంది. ఊరు కవిటి వైపు, కొబ్బరి, జీడి తోటల ఉద్దానం. ఆ రాత్రి సంగతి ఎన్నిసార్లు అడిగినా కొత్తగా చెబుతుంది. దాన్ని అన్‌రియల్ ఇంజిన్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఆరు నిమిషాల బొమ్మల సినిమాగా తీయాలనుకున్నాను.

మామూలు కెమెరాతో తీయొచ్చు కదా అని మా ఆయనే అడిగారు. తీయడానికి అక్కడ ఏముంది? పెరడు బయలుగా ఉంది. అప్పటి కొబ్బరిచెట్లన్నీ ఆ రాత్రే పోయాయి. తర్వాత వేసిన మొక్కలు ఇంకా నా భుజం దాకా వచ్చాయి, అంతే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ రివ్యూ గేములు చేసేవాళ్ళ కోసం రాయలేదు. చేతిలో ఒక కథ, ఇంట్లో ఒక కంప్యూటర్, వెనక టీమ్ లేకపోవడం, ఈ మూడూ ఉన్నవాళ్ళ కోసం రాశాను. నా మాట ముందే చెప్పేస్తాను: వెలుతురు, కెమెరా ఈ సాఫ్ట్‌వేర్ మీకు చేతికి అందిస్తుంది. మన ఊరి వస్తువు ఒక్కటీ ఇవ్వదు. ఆ ఒక్కటీ మీరే చేసుకోవాలి, సమయమంతా అక్కడే పోతుంది.

అన్‌రియల్ అసలు గేముల ఇంజిన్, అంటే ఆటలు తయారుచేసి నడిపే సాఫ్ట్‌వేర్. 1998లో వచ్చిన అదే పేరున్న తుపాకుల ఆట కోసం పుట్టింది. 2015లో అందరికీ ఉచితం చేశారు. నేను వాడిన ఐదో తరం 2022 ఏప్రిల్‌లో వచ్చింది. ఆటలో మీరు తల తిప్పగానే ఎదురుగా ఉన్న బొమ్మ మారాలి, సెకనుకి 60 బొమ్మలు గీయాలి, అంటే ఒక్కో బొమ్మకి దాదాపు 16 మిల్లీసెకన్లే. ఆ తొందరకి అలవాటుపడిన యంత్రాన్ని సినిమాకి వాడుకోవడమే ఇక్కడి కిటుకు. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1996లోనే క్వేక్ అనే తుపాకుల ఆట ఆడే కుర్రాళ్ళు ఆటని రికార్డు చేసి చిన్న కథ చెప్పారు. ఆ పద్ధతికి తర్వాత మెషినిమా అని పేరొచ్చింది.

డబ్బు సంగతి. ఒంటరిగా చేసుకునేవాళ్ళకి రూపాయి కట్టక్కర్లేదు. గేము అమ్మితే పది లక్షల డాలర్లు దాటిన రాబడిలో వాటా అడుగుతారు గానీ సినిమాకి రాయల్టీ లేదు. సినిమాలు, డిజైన్లు చేసే కంపెనీ ఏడాదికి పది లక్షల డాలర్లు దాటి సంపాదిస్తే సీటుకి ఇంత అని 2024 నుంచి చందా పెట్టారు. మా స్టూడియోకి ఆ బెంగ వచ్చే రోజు కోసం నేనూ ఎదురుచూస్తున్నాను.

ఉచితం అన్నది సాఫ్ట్‌వేర్ వరకే, కంప్యూటర్‌కి కాదు. నా మిషన్‌లో ఆరు కోర్ల ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్ ఉండేవి. ర్యామ్ 32కి పెంచాను. గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 3060, 12 జీబీది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అది బిగించిన షాపతను "ఉన్న పవర్ సప్లై చాల్తుంది మేడమ్, అనవసరంగా ఖర్చెందుకు" అన్నాడు. పెళ్ళి వీడియోలకి చాలింది కూడా. తుఫాను సీను రెండర్ (చివరి బొమ్మలు గీయించడం) పెట్టిన ప్రతిసారీ ఇరవై నిమిషాలకి టక్‌మని ఆగిపోయేది. నాలుగు రోజులు సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకున్నాను. ఐదో రోజు ఇంకో ఊళ్ళో రిపేరు చేసే కుర్రాడు వచ్చి, మూత తీసి, వాసన చూసి, "అక్కా, పవర్ సప్లై ఉడికిపోతోంది" అన్నాడు. మార్చాక మళ్ళీ ఆ బాధ లేదు. తెలిసినవాళ్ళని అడగకుండా షాపులో చెప్పింది నమ్మిన తప్పు నాదే.

దించుకోవడానికి పదుల జీబీలు పడుతుంది, హార్డ్ డిస్క్ కాకుండా ఎస్‌ఎస్‌డీలోనే పెట్టండి. మొదటిసారి ప్రాజెక్టు తెరవగానే షేడర్లు (వస్తువుల రంగు, మెరుపు లెక్కగట్టే చిన్న ప్రోగ్రాములు) కంపైల్ అవుతున్నాయని ఒక మూల అంకె కనిపిస్తుంది. అది వేలల్లోంచి సున్నాకి దిగాలి. ఆరు కోర్ల మిషన్‌లో అన్నం వండి, పిల్లలకి జడలేసి వచ్చినా దిగదు. దిగాక మాత్రం రెండోసారి అంతసేపు పట్టదు.

మొదటి వారం నాకు ఇది ఎవరో మగపిల్లల హాస్టల్ గదిలోకి పొరపాటున వెళ్ళినట్టుంది. ప్రతి చోటా ఆట భాషే. కుర్చీ పెడితే అది 'ఆక్టర్'. దీపం పెట్టినా అదీ 'ఆక్టర్'. సీను పేరు 'లెవెల్'. తెలుగులో దొరికిన పాఠాలు చూస్తే చాలావరకు తుపాకీ పేల్చడం, తలుపు తెరవడం. నాకు కావలసింది తలుపు గాలికి కొట్టుకోవడం. కొత్త ప్రాజెక్టు తెరిచేటప్పుడు గేము అని కాకుండా సినిమా, వీడియో అని ఉండే టెంప్లేట్ ఎంచుకోవచ్చని తెలియడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. మీకు ఆ తొమ్మిది రోజులూ మిగులుతాయి.

సీక్వెన్సర్ అనే భాగం తెరిచాక ఊపిరొచ్చింది. అది మన ఎడిటింగ్ టైమ్‌లైనే. కింద ట్రాకులు, పైన ప్లేహెడ్, కీ ఫ్రేములు (ఏ క్షణానికి ఏ విలువ అని పెట్టే గుర్తులు). కెమెరా కూడా మనకి తెలిసిన కెమెరాయే: 35, 50, 85 అని లెన్సులు, ఎపర్చర్, ఫోకస్. 85 పెట్టి ఎపర్చర్ తెరిస్తే వెనక మసకబారుతుంది, పెళ్ళికూతురి క్లోజప్‌లో బారినట్టే. జిమ్మీ జిబ్ (కెమెరా క్రేన్) కావాలంటే ఊరికే దొరుకుతుంది. బయట దానికి రోజు అద్దె, ఇద్దరు మనుషులు, వాళ్ళకి టిఫిను. ఇక్కడ లైబ్రరీలోంచి లాగి పెట్టడమే. మొదటిరోజు అవసరం ఉన్నా లేకపోయినా ప్రతి షాట్‌లోనూ జిమ్మీ వాడాను, పెళ్ళివాళ్ళు డబ్బులు కట్టారు కదా అని వాడినట్టు. తర్వాత చాలావరకు తీసేశాను.

చిన్నాన్న కొడుకు దగ్గర ఐఫోన్ ఉంటే రెండు రోజులు అడిగి తెచ్చుకున్నాను. అందులో అప్పట్లో లైవ్ లింక్ వీక్యామ్ అనే పేరుతో ఉన్న యాప్ వేసి కంప్యూటర్‌కి వైఫైలో కలిపితే ఫోనే కెమెరా అయిపోతుంది. ఫోను తెరలో నేను కంప్యూటర్‌లో కట్టిన కొబ్బరితోట కనిపిస్తుంది, నేను నడిస్తే తోటలో కెమెరా నడుస్తుంది. స్టూడియో గదిలో రెండడుగులకి గోడ తగులుతుంది కాబట్టి డాబా మీదకి వెళ్ళాను. రాత్రి తొమ్మిదప్పుడు, చేతిలో ఫోను, వంగి, గాలికి ఎదురెళ్ళే మనిషిలా ఒక్కో అడుగు వేస్తున్నాను. పక్కింటావిడ బట్టలు తీయడానికి వచ్చి కాసేపు చూసి, "ఏటమ్మా, ఏటి పారేసుకున్నావు?" అంది. ఆ షాట్ సినిమాలో ఉంది. మామ్మ ఇంట్లోంచి పశువుల పాక దాకా వెళ్ళే పదకొండు సెకన్లు. కీ ఫ్రేములతో వారం కూర్చున్నా నాకు ఆ తడబాటు వచ్చేది కాదు.

ఇక వెలుతురు. ఇక్కడ నేను పొగడకుండా ఉండలేను. ల్యూమెన్ అంటారు, వెలుతురు గోడకి తగిలి పక్కకి చెదిరే లెక్కని అప్పటికప్పుడే వేసే పద్ధతి. మామ్మ ఇంటి నడవ కట్టి, ఎర్రమట్టి పూత గోడ పెట్టి, మధ్యలో లాంతరు వేలాడదీశాను. లాంతరుని మౌసుతో పట్టుకుని గోడ దగ్గరికి జరిపాను. గోడ ఎరుపు నేల మీద పాకింది, పైనున్న దూలం అడుగు భాగం కాస్త వెచ్చబడింది. ఇవతలికి లాగితే చల్లారింది. రెండర్ బటన్ లేదు, ఎదురుచూపు లేదు. నేను ఆ రాత్రి పని చేయలేదు, లాంతరు అటూ ఇటూ ఊపుతూ కూర్చున్నాను. కరెంటు పోయిన చిన్నప్పటి రాత్రుళ్ళు అన్నీ ఆ గోడ మీద ఉన్నాయి.

ఒక్క ఇబ్బంది: సీను మరీ చీకటిగా ఉండి, దీపం మరీ చిన్నదైతే గోడల మీద పురుగులు పాకినట్టు వెలుతురు కదులుతుంది. లాంతరు మంట ఒక్కదాన్నే నమ్ముకోకుండా, దాని పక్కన కనిపించని పాయింట్ లైటు ఒకటి పెడితే చాలావరకు తగ్గుతుంది. ఇంకా మిగిలినదాన్ని రెండర్ సెట్టింగుల్లో పట్టుకోవచ్చు, దాని సంగతి కింద చెబుతాను.

తోట కట్టడానికి వస్తువులు కావాలి కదా. మెగాస్కాన్స్ అనే లైబ్రరీలో నిజం రాళ్ళు, నేల, చెట్టు బెరడు స్కాన్ చేసి పెట్టినవి వేలల్లో ఉన్నాయి. 2024 చివరి దాకా అన్‌రియల్ వాడేవాళ్ళకి మొత్తం ఉచితంగా ఇచ్చారు, నేను ముందే నా ఖాతాలో వేసుకున్నాను. ఇప్పుడు చాలావాటికి ధర ఉంది, కొన్ని ఊరికే వస్తాయి. నాణ్యత గురించి చెప్పక్కర్లేదు. నాచు పట్టిన కొండరాయి కావాలంటే ఐస్‌లాండ్ నుంచి వచ్చినది ఉంటుంది. మా తోటకి దానితో ఏం పని? ఉద్దానం ఇసుక నేల, ఎండిన జీడి ఆకులు, ఇటుకల మీద నిలబెట్టిన సిమెంటు తొట్టి, ప్లాస్టిక్ బిందె, తాటాకు పాక, ఇవేవీ దొరకవు. ఇసుక మాత్రం వాడుకున్నాను. కొబ్బరిచెట్లు అమ్మకానికి దొరికాయి గానీ అవి బీచ్ రిసార్టు చెట్లు, అన్నీ అందంగా ఒకే వైపు వాలి సెలవులకి వచ్చినట్టుంటాయి. తోటలో చెట్టు అలా ఉండదు. వెలుతురు కోసం పక్క చెట్టుతో పోటీపడి నిటారుగా పోతుంది.

కాబట్టి చెట్టు నేనే చేశాను. ఊరెళ్ళి పెరట్లో పడి ఉన్న పచ్చి మట్ట ఒకటి తెచ్చి, పాత ఫ్లెక్సీ బ్యానర్ తిరగేసి, ఆ తెల్ల వైపు మీద పరిచి, మబ్బు పట్టిన పూట నీడ పడకుండా పైనుంచి ఫోటో తీశాను. మా ఆయన నిచ్చెన పట్టుకున్నారు. మట్ట తిన్నగా పరుచుకోదు, ఈనె వంకర పైకి లేస్తుంది, నాలుగు చోట్ల ఇటుకలు పెట్టాను, తర్వాత ఫోటోలో ఇటుకలు చెరిపాను. బ్లెండర్ అనే ఉచిత 3డీ సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫోటోని పలచటి రేకులాగ అతికించి, ఒక్కో మట్టకి మధ్యలో కాస్త గాడి పెట్టాను. ఆ గాడి లేకపోతే మట్ట కాగితంలా ఉంటుంది. ఉంటే పక్క నుంచి వెలుతురు పడినప్పుడు సగం మెరుస్తుంది, సగం నల్లబడుతుంది. మాను మీద రాలిన మట్టల వలయాల గుర్తులు, కింద లావు, పైకి సన్నం. మూడు రకాల చెట్లు చేశాను: ముదురుది, నడిమిది, కాపుకొచ్చిన కొత్తది. ఇంజిన్‌లోకి తెచ్చి 380 నాటాను. నాటడం బ్రష్‌తో రంగు వేసినట్టే, ఐదు నిమిషాల పని.

నాటాక కంప్యూటర్ మూలిగింది. నానైట్ అనే సాంకేతికత గురించి అందరూ చెబుతారు, ఎంత సూక్ష్మమైన ఆకారమైనా మోస్తుందని. రాళ్ళకి, గోడలకి నిజంగానే మోస్తుంది. సన్నటి ఆకులు, వాటి మధ్య సందులు, పైగా గాలికి కదలడం, ఇవన్నీ కలిస్తే నాలాంటి కార్డు మీద బరువు పడిపోతుంది. కెమెరాకి దూరంగా ఉన్న చెట్లకి మట్టలు సగానికి తగ్గించాను, అన్నింటికీ 4కె ఫోటోలు పెట్టిన అతి తెలివి మానేసి 2కెకి దిగాను. వీడియో మెమరీ నిండిపోయిందన్న ఎర్ర అక్షరాలు పోయాయి.

చెట్టు ఊపడం ఇంకో కథ. ఇంజిన్‌లో గాలికి రెడీమేడ్ ఏర్పాటు ఉంది, మెటీరియల్‌లో (వస్తువు పై రూపం ఎలా ఉండాలో చెప్పే భాగం) తగిలిస్తే ఆకులు అలల్లా కదులుతాయి. దాని వేగం పెంచాను, బలం పెంచాను, హోరు పెట్టాను. నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. ల్యాప్‌టాప్‌లో వేసుకుని మామ్మకి చూపించడానికి వెళ్ళాను. కళ్ళద్దాలు పెట్టుకుని, తెర దగ్గరికి మొహం పెట్టి చూసింది.

"ఏటే గుంటా ఇది, సెట్లకి పూనకమొచ్చిందా?"

"తుఫాను గాలి మామ్మా."

"గాలికి సెట్టు ఊగుతాది. తుఫానుకి ఊగనేదే. ఒంగిపోనాది. ఒంగినది మరి లెగనేదు. మట్టలన్నీ ఒక్క పక్కకే పోనాయి, తడి జుత్తు దువ్వినట్టు."

చేత్తో చూపించింది. మోచెయ్యి గట్టిగా పెట్టి, మణికట్టు నుంచి వేళ్ళు అన్నీ ఒక వైపు విసిరి, అలాగే ఉంచేసింది. వణికించింది గానీ వెనక్కి తేలేదు. ఆ చెయ్యిని ఫోన్‌లో వీడియో తీసుకుని వచ్చాను. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి అని అప్పట్లో వాతావరణ శాఖ అంకె చెప్పింది. నాకు అంకె కంటే ఆ చెయ్యి పనికొచ్చింది.

ఆ చెయ్యిని ఇంజిన్‌కి చెప్పడం ఇలా. మెటీరియల్‌లో వరల్డ్ పొజిషన్ ఆఫ్‌సెట్ అనే గొట్టం ఉంటుంది, దానికి ఏ అంకె పంపితే బొమ్మలో ఆ బిందువు అంత పక్కకి జరుగుతుంది. చెట్టు మొదలుని 0, కొసని 1 అనుకుని, ఆ ఎత్తుని దానితోనే గుణించి గాలి బలంతో హెచ్చవేశాను. సగం ఎత్తులో పావు వంతే కదులుతుంది, కొస మొత్తం కదులుతుంది, కాబట్టి మాను విల్లులా వంగుతుంది. మొదటిసారి చెట్టు వంగుతూ పొడుగు కూడా సాగింది, రబ్బరు చెట్టులా. పక్కకి జరిగిన కొద్దీ కొసని కిందికి కూడా దించాలని అప్పుడు అర్థమైంది. బీఎస్సీలో చదివిన లెక్కలు పెళ్ళయ్యాక పనికొచ్చిన మొదటి సందర్భం. మట్టలకి వేరే లెక్క: ఈనె మొదట్లో నలుపు, కొసన ఎరుపు రంగు పూసి, ఎరుపున్న చోటే గాలి పట్టేలా చేశాను. ప్రతి చెట్టుకి ఒక యాదృచ్ఛిక అంకె కలిపాను, లేకపోతే 380 చెట్లూ డ్రిల్లు మాస్టరు ఈల వేసినట్టు ఒకేసారి వంగుతాయి.

తర్వాతది ఈ సాఫ్ట్‌వేర్‌లో నాకు బాగా నచ్చిన పని. గాలి బలాన్ని ఒకే ఒక అంకెగా బయట పెట్టి, సీక్వెన్సర్ టైమ్‌లైన్‌లోకి తెచ్చుకోవచ్చు. అంటే పెళ్ళి వీడియోలో పాట వాల్యూమ్ పెంచినట్టు, తుఫానుని కీ ఫ్రేములతో పెంచాను. రెండో నిమిషంలో 0.2, మూడో నిమిషానికి 0.7, మూడున్నరకి 1. తోట మొత్తం ఆ అంకెతో కదిలింది, నా కళ్ళముందే. నచ్చకపోతే గీత లాగి మళ్ళీ చూడటమే. ఒక్క సాయంత్రంలో యాభై సార్లు మార్చి ఉంటాను. పాత పద్ధతిలో ఒకటి రెండుసార్లు మార్చి సర్దుకునేదాన్ని.

వాన చినుకుల్లాంటివి చేయడానికి ఇంజిన్‌లోనే ఉన్న నయాగరా అనే భాగంతో చేశాను, ఇబ్బంది లేదు. శబ్దం ఈ ఇంజిన్‌లో పెట్టలేదు. బారువ బీచ్ దగ్గర కొబ్బరి తోపులో ఫోను రుమాల్లో చుట్టి రికార్డు చేసుకున్న గాలిని, డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పొరలుగా వేశాను. టైటిళ్ళు, ఎడిటింగ్ కూడా అక్కడే.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి నేను ఓడిపోయాను. మెటాహ్యూమన్ అని, అచ్చు మనిషిలా ఉండే ముఖాలు తయారుచేసుకునే ఏర్పాటు ఉంది. 2023 నుంచి ఐఫోన్‌తో మన ముఖ కవళికలు తీసి ఆ బొమ్మకి తగిలించవచ్చు. నేను మాట్లాడితే బొమ్మ మాట్లాడింది, కనుబొమలతో సహా. అద్భుతమే. కానీ ఆ ముఖం మామ్మది కాదు. ముడతలు పెంచితే పెద్ద వయసున్న సినిమా నటిలా ఉంటుంది. పళ్ళు లేక లోపలికి పోయిన బుగ్గలు, కుడి పక్క మాత్రమే సాగిన చెవి తమ్మె, ముక్కుకి రెండు వైపులా అడ్డబాసలు, ఇవి స్లైడర్లలో రావు. చీర సంగతి ఇంకా పెద్ద బెడద. గుడ్డ లెక్కలు వేయించవచ్చు, కానీ మోకాళ్ళ పైకి ఎత్తి దోపుకున్న ముతక నేత చీర తడిసి కాళ్ళకి చుట్టుకోవడం నాకు చేతకాలేదు. నడకలు ఉచితంగా దొరికే మిక్సామోలో ముసలి నడక ఒకటి ఉంది, అది కర్ర పట్టుకుని పార్కులో తిరిగే ముసలాయన.

నెల రోజులు పోరాడి వదిలేశాను. సినిమాలో మామ్మ ముఖం కనిపించదు. వెనక నుంచి, లాంతరు ఎదుట నల్లని ఆకారంగా, లేదా చేతులు మాత్రమే. చేతులు బ్లెండర్‌లో చెక్కి, గాజులు వేసి తెచ్చాను. చూసినవాళ్ళు అదేదో గొప్ప ఆలోచన అన్నారు. నేను కాదనలేదు.

ఒక హెచ్చరిక. నేను అన్‌రియల్ 5.2 వెర్షన్‌లో మొదలుపెట్టాను. 2024లో మూఢం వచ్చి మళ్ళీ ఖాళీ దొరికినప్పుడు 5.4 దించి, ప్రాజెక్టుని నకలు తీయకుండా అందులోనే తెరిచి సేవ్ చేశాను. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైలు పాతదాంట్లో తెరుచుకోదు. కొత్తదాంట్లో నా గాలి మెటీరియల్ వేరేలా కనిపిస్తోంది. మూడు వారాలు సరిచేసుకుంటూ కూర్చున్నాను. పెళ్ళి ఫుటేజీ రెండు హార్డ్ డిస్కుల్లో దాచే మనిషిని, నా సొంత సినిమాకి ఒక్క నకలు ఉంచుకోలేదు. సినిమా మధ్యలో ఉండగా వెర్షన్ మార్చకండి.

రెండర్ గురించి. రియల్ టైమ్ అంటే రెండరే ఉండదని అనుకునేవాళ్ళు ఉన్నారు, నేనూ అనుకున్నాను. తెర మీద కనిపించేది పనికి సరిపోతుంది గానీ పెద్ద తెరకి సరిపోదు. చివరి బొమ్మలు తీసే మూవీ రెండర్ క్యూ అనే భాగంలో ఒక్కో ఫ్రేముకి ఎన్నిసార్లు గీసి కలపాలో చెబుతాం. ఆ సంఖ్య పెంచితే వాన గీతలు, కదలిక మసక నునుపవుతాయి, పైన చెప్పిన పురుగులు చాలావరకు చస్తాయి. షాట్ మొదలయ్యే ముందు కొన్ని ఫ్రేములు ఊరికే తిప్పించే వార్మప్ కూడా పెట్టండి, లేకపోతే ప్రతి షాట్ మొదట్లో వెలుతురు కళ్ళు తెరుస్తున్నట్టు ఉంటుంది.

నా సినిమా 5 నిమిషాల 40 సెకన్లు, సెకనుకి 24 చొప్పున 8,160 ఫ్రేములు. ఫ్రేముకి సగటున 7 సెకన్లు పట్టింది, అంటే మొత్తం దాదాపు 16 గంటలు. ఇదే తోటని మొదట బ్లెండర్‌లోని సైకిల్స్ అనే రెండరర్‌లో పరీక్షించినప్పుడు నా మిషన్ మీద ఫ్రేముకి 4 నిమిషాలు పట్టింది. ఆ లెక్కన 544 గంటలు, దగ్గర దగ్గర 23 రోజులు. శ్రావణ మాసం ముహూర్తాలు వచ్చేస్తాయి. తిన్నగా వీడియో ఫైలుగా కాకుండా బొమ్మల వరుసగా తీయండి. అర్ధరాత్రి రెండింటికి కరెంటు పోయింది, యూపీఎస్ పావుగంట మోసి కూలబడింది. పొద్దున్న లేచి చూస్తే 3,412 ఫ్రేములు భద్రంగా ఉన్నాయి, అక్కణ్ణుంచి మళ్ళీ పెట్టాను.

ఎవరు ఇది తీసుకోవాలి, ఎవరు వద్దు? 2024లో ఉత్తమ యానిమేషన్ షార్ట్‌గా ఆస్కార్ తెచ్చుకున్న చిత్రం అన్‌రియల్‌తో చేసినదే, కానీ దాని వెనక పెద్ద స్టూడియో ఉంది. దానితో మిమ్మల్ని మీరు కొలుచుకోకండి. మరుసటి ఏడు ఫీచర్ విభాగంలో గెలిచిన లాట్వియా వాళ్ళ పిల్లి సినిమాని బ్లెండర్‌లో, దాని సొంత రియల్ టైమ్ రెండరర్ ఈవీతో చేశారు. మీ కథ కార్టూన్ పాత్రలది, గీతలది అయితే, లేక మీ దగ్గర 6 జీబీ కంటే చిన్న కార్డు ఉంటే, బ్లెండర్‌లోనే ఉండిపోండి, మోడలింగ్, యానిమేషన్ అన్నీ ఒక్క చోటే అవుతాయి. యూనిటీ అనే ఇంకో గేము ఇంజిన్‌లోనూ టైమ్‌లైన్, సినిమెషీన్ అనే కెమెరా ఏర్పాటు 2017 నుంచి ఉన్నాయి, అది ఇప్పటికే వచ్చినవాళ్ళు దాంతోనే తీయొచ్చు, నేను వారం వాడి వచ్చేశాను కాబట్టి తీర్పు చెప్పను. కథలో ఊరు, వాన, చీకటి, వెలుతురు ముఖ్యమైతే అన్‌రియల్‌కి సాటి నాకు కనిపించలేదు. ముఖాలు ముఖ్యమైతే, అందులోనూ మన ముసలివాళ్ళ ముఖాలైతే, ఇంకొన్నాళ్ళు ఆగండి. నా మార్కులు 5కి 4. ఆ తగ్గించిన ఒకటి చీరది.

దసరాకి ఊరెళ్ళినప్పుడు రామమందిరం గోడకి అదే ఫ్లెక్సీ తిరగేసి కట్టి, పెళ్ళిళ్ళ ప్రొజెక్టర్‌తో వేశాం. ముప్పై మంది ఉంటారు. చెట్లు వంగే చోట ఎవరూ మాట్లాడలేదు. వెనక కుర్చీలోంచి ఒకాయన, "అది మా కళ్ళమే" అన్నాడు. కాదు, కానీ నేనేమీ అనలేదు. మామ్మ ముందు వరుసలో కూర్చుని చివరి దాకా చూసింది. దీపాలు వేశాక నా వైపు తిరిగింది.

"అన్నీ బాగున్నాయి గానీ, ఆవేదే?"

"ఏ ఆవు?"

"పాక కాడికి దేనికెల్లాననుకున్నావు నాను? ఆవుని ఇప్పీడానికి కాదా! ఇప్పీగానే అది నా ఎనకాలే ఇంట్లోకి వొచ్చీసింది. రాతిరంతా ఇద్దరం నడవలోనే ఉన్నాం."

ఇన్నిసార్లు చెప్పిన కథలో ఆ ఆవు నాకెప్పుడూ వినిపించలేదు. పదకొండు సెకన్ల షాట్ తీశాను, ఆవిడ ఎక్కడికి వెళ్తోందో తెలియకుండానే. ఇప్పుడు మళ్ళీ ప్రాజెక్టు తెరిచాను, ఈసారి నకలు తీసుకుని. నాటు ఆవు, తెల్లది, ఒక కొమ్ము వంకర, తడిసి, భయపడి, గుమ్మంలో తల వంచి లోపలికి వస్తుంది. నాలుగు కాళ్ళ రిగ్ (బొమ్మని కదిలించే ఎముకల గూడు) తెలుగులో చెప్పేవాళ్ళెవరైనా ఉంటే కింద రాయండి. గుర్రాలవి చాలా దొరుకుతున్నాయి, గుర్రం నడక ఆవుకి పెడితే మామ్మ పట్టేస్తుంది.